పొద్దటి పాలు, మాపటి సముద్రం

బకెట్టు అడుగున పడే పాలధారది ఒక చప్పుడు, నురుగు మీద పడే ధారది ఇంకో చప్పుడు. బుచ్చమ్మ ఆ రెండో చప్పుడు దాకా వచ్చేసింది. మోకాళ్ళ నడుమ బకెట్టు, చుక్కి డొక్కకు ఆనించిన నుదురు, పొదుగు కింద రెండు చేతులు. కొట్టంలో కరెంటు లేదు. ఉప్పుగూడలో తెల్లవారక ముందు కరెంటు పోవడం వింతేమీ కాదు, పాలు పితకడానికి బుచ్చమ్మకు దీపం అక్కర్లేదు కూడా. అయితే ఇవాళ ఆ చేతుల్లో ఏదో తొందర ఉంది. అది చుక్కికి తెలిసిపోయింది. తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది.

"నీ కడుపు గాల! నిలువే. ఒక్క పూట పోయొస్తనంటె గింత లొల్లేందే నీది?"

చుక్కి చెవులు వెనక్కి వాల్చి మళ్ళీ ధార వదిలింది.

కొట్టంలో ఇంకా మూడు బర్రెలున్నాయి. అవి మంచివి. కొడుకు నగేష్ పిండినా ఇస్తాయి, జీతగాడు పిండినా ఇస్తాయి. నొసట తెల్లచుక్క ఉన్న ఈ నాలుగోది మాత్రం బుచ్చమ్మ చెయ్యి తగిలితే తప్ప చేపదు, పాలు కిందికి వదలదు. దీని తల్లీ అంతే, దాని తల్లీ అంతే. ఆ వంశానికే అదొక పొగరు. కొత్తవాళ్ళెవరైనా చెయ్యి పెడితే పాలు పైకి గుంజుకుని, కాలు లేపి, బకెట్టును గోడకు కొట్టేదాకా ఊరుకోదు. పాలు అలా నిలిచిపోతే పొదుగు రాయిలా బిగుసుకుంటుంది. ఆ తర్వాత వాపు, జ్వరం, పశువుల డాక్టరు.

అందుకే ఈ గల్లీకి కోడలై వచ్చిన నాటి నుంచి బుచ్చమ్మ, పొద్దటి పాలకూ మాపటి పాలకూ నడుమ ఎంత దూరం పోయి రావచ్చో అంత దూరమే పోయింది. అక్కచెల్లెళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు తలంబ్రాలు చూసి, విస్తరి ముందు కూర్చోకుండా బస్సెక్కింది. యాదగిరిగుట్ట మీద దర్శనం లైను సగానికి వచ్చాక, పొద్దు వాలుతోందని దేవుడికి కిందనుంచే దండం పెట్టి దిగొచ్చింది. మొగుడు రాజన్న పోయిన రోజున, పాడె గల్లీ మలుపు తిరగ్గానే, ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి, కొంగు బిగించి కొట్టంలోకి నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. పాడి ఉన్న ఇంట్లో అది తప్పు కాదు.

ఆ రాజన్నే ఆమె చెవిలో సముద్రం పోసి పోయాడు. వయసులో ఉన్నప్పుడు బర్రెలు కొనడానికి లారీలో ఆంధ్రా వైపు పోయి, ఒక సాయంత్రం చీరాల దగ్గర వాడరేవులో సముద్రం చూసి వచ్చాడు. వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, గోడకు జారగిలబడి చెప్పాడు.

"నీళ్ళే నీళ్ళు బుచ్చీ. కండ్లు ఎంత దూరం పోతయో గంత దూరం. బిందె వట్టుకోని లైన్ల నిలవడ్డోడు ఒక్కడు లేడు."

ఆ ఆఖరి మాట బుచ్చమ్మలో నాటుకుపోయింది. ఆమె బతుకంతా నీళ్ళే మరి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. బర్రెలు తాగాలి, బర్రెల్ని కడగాలి, కొట్టం కడగాలి, క్యాన్లు కడగాలి. ట్యాంకరు వెనకాల పైపు పట్టుకుని పరిగెత్తింది. నల్లా దగ్గర తిట్టింది, తిట్లు తిన్నది, ఒకనాడు ఇత్తడి బిందెతో ఒకామె నెత్తి పగలగొట్టబోయి, ఆమె నవ్వేసరికి ఆగింది. అలాంటిది, ఎవరూ కొట్లాడుకోని నీళ్ళు ఒకచోట ఉన్నాయట! అవి చూడకుండా పోవడమా?

ఈ కోరికను అటక మీద నుంచి దించింది కోడలు నందిని. ఇంటరు చదివింది, మెత్తని పిల్ల, ఆమె గొంతు వంటింటి గడప దాటి ఎరగదు. ఈమధ్య ఫోనులో ఎవరో 'తక్కువ ఖర్చుతో సముద్రం' అని చెబుతుంటే విని, తానే కూర్చుని దారి లెక్కగట్టింది.

"అత్తమ్మా, ఉప్పుగూడల లోకల్ రైలెక్కి మలక్‌పేటల దిగాలె. ఆడికెంచి దిల్‌సుఖ్‌నగర్. ఆడ మిర్యాలగూడ ఎక్స్‌ప్రెస్, ఆడోళ్ళకు జీరో టికెట్, పైసలు లెవ్వు. మిర్యాలగూడ కెంచి వాడపల్లికి పల్లెవెలుగు, గదీ జీరోనే. బ్రిడ్జి దాటితె ఆంధ్ర, ఆడికెంచి టికెట్ కొనాలె. పిడుగురాళ్ళ, నర్సరావుపేట, చిలకలూరిపేట, చీరాల. చీరాల పక్కనే వాడరేవు."

"గిన్ని బస్సులా? నేను పోయేది సముద్రానికా, సర్గానికా?"

"సర్గానికి గిన్ని బస్సులు లెవ్వత్తమ్మా" అని నందిని నవ్వింది. "పొద్దటి పాలు పిండి పోతే పొద్దుగూకక ముందు సముద్రం కాడుంటరు. చీరాలల రాత్రి బస్సెక్కితె మల్ల పొద్దటి పాలకు ఇంట్ల ఉంటరు. నడుమ మాపటి పాలు ఒక్కటే. గది నేను చూస్కుంట."

"నువ్వా? దాని కాలి దెబ్బకు గోడకు అతుక్కపోతవ్."

దానికీ ఉపాయం ఉంది. పాడి ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. పిండే మనిషి మారితే, అలవాటైన మనిషి విడిచిన చీర కట్టుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని కూర్చోవాలి. బర్రె మనిషిని ముక్కుతో గుర్తుపడుతుంది. బుచ్చమ్మ చీరలన్నీ ఒకే రంగువి కూడా. రంగు మారితే చుక్కి బెదురుతుందని ముదురాకుపచ్చ తప్ప ఇంకోటి కట్టక ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. కొడుకు పండక్కి గులాబిరంగు చీర తెస్తే ఒకసారి భుజం మీద వేసుకుని, అద్దంలో చూసుకుని, మడతపెట్టి కోడలికిచ్చేసింది. కాబట్టి లెక్క తేలిక. కొట్టం చీర నందినికి, ఉతికిన చీర సముద్రానికి.

ఇవాళ బుచ్చమ్మ పాలు క్యానులో పోసి, కొట్టం చీర విప్పి దండెం మీద వేసింది. చన్నీళ్ళు గబగబా కుమ్మరించుకుంది. ఆ చీకట్లోనే దండెం మీది చీర లాగి చుట్టుకుంది. ఆధార్ కార్డు, చిన్న ఫోను, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు సంచిలో పడేసింది. వాకిట్లోంచే మూడుసార్లు వెనక్కి తిరిగి చెప్పింది.

"ముందుగాల దుడ్డెను ఇడువాలె. కుడితి ఎచ్చగ పెట్టు. ఎడమ దిక్కు కూసుండు. పిండినంక ఫోన్ చెయ్యి, మర్వకు!"

"రైలు పోతది అత్తమ్మా, నడువుండ్రి!"

రైలు పెట్టెలో ఎక్కి కూర్చోగానే పక్కనున్న కాలేజీ పిల్లలు లేచి అటు జరిగారు. బుచ్చమ్మకు ముచ్చటేసింది. ముసలిదాన్ని చూసి చోటిచ్చారు, మంచి పిల్లలు. కాళ్ళు చాపుకుంది. యాకుత్‌పురా దాటింది, దబీర్‌పురా దాటింది. ఇన్నేళ్ళూ కొట్టంలో కూర్చుని విన్న రైలు కూత ఇవాళ తన నెత్తి మీదే మోగుతోంది. సముద్రానికి పోతున్నానని ఎదురుగా కూర్చున్న బురఖా ఆమెతో ఆగలేక చెప్పేసింది.

"సమందర్ జారఁయూఁ మైఁ."

"అకేలే?" అందామె, ఒక్కదానివేనా అన్నట్టు చూసి, ముక్కు మీదికి గుడ్డ లాక్కుంటూ.

"అకేలేచ్! బర్రె ఘర్ మేఁ హై నా."

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఆగకముందే ఆడవాళ్ళు తలుపు మీద పడ్డారు. నల్లా దగ్గర పెరిగిన మోచేతులకు అదొక లెక్కా? బుచ్చమ్మ అందరికంటే ముందెక్కి కిటికీ పట్టుకుంది. కండక్టరు కార్డు చూసి, "ఎందాక అవ్వా?" అన్నాడు.

"సముద్రం దాక."

"మా డ్రైవరు గంత దూరం ఈదలేడు. మిర్యాలగూడకిస్త, తీస్కో."

జీరో టికెట్ చేతికొచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసి, జాకెట్టులో దాచుకుంది. పక్క సీటులో నల్లగొండలో పంతులమ్మగా పనిచేసే వసుధ కూర్చుంది. రోజూ ఇదే బస్సట. ఊరు వెనకబడి, గాలి తిరిగింది. బుచ్చమ్మ తల బయటపెట్టి చెట్లు చూసింది, చెరువులు చూసింది, ఎవరివో బర్రెలు కనబడితే పొదుగులు చూసి పాలెన్నో అంచనా కట్టింది. నార్కట్‌పల్లి దాటాక వసుధ కొంగు ముక్కుకు అడ్డం తీసి, మెల్లగా అడిగింది.

"అమ్మా, మీకు బర్లున్నయా?"

"ఉన్నయి బిడ్డా!" బుచ్చమ్మ మొహం వెలిగిపోయింది. "నీకెట్ల ఎర్క? నా మొకం మీద రాసున్నదా?"

వసుధ ఆమె కొంగు వైపు చూపించింది. "మొకం మీద కాదమ్మా. చీర మీద."

బుచ్చమ్మ ఒళ్ళోకి చూసుకుంది. కొంగు చివర అరచేతి మేర అంచు నమిలి నమిలి చీలికలైంది. పోయిన వానాకాలం చుక్కి చేసిన పని అది. చెంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా తెలియలేదు. ఆ వాసనలోనే పుట్టి పెరిగిన ముక్కుకు ఎలా తెలుస్తుంది? రైల్లో జరిగిన పిల్లలు, గుడ్డ లాక్కున్న బురఖా ఆమె, అందరూ ఒక్కసారి గుర్తుకొచ్చారు. టపీమని నుదురు కొట్టుకుంది. ఫోను తీసి, గొంతు చించుకుంది.

"నందినీ! దండెం మీది చీర వాసన జూడు!"

అవతల అడుగుల చప్పుడు. "సబ్బు వాసనొస్తుంది అత్తమ్మా."

"అయిపాయె! కొట్టం చీర నా ఒంటి మీదున్నది. నేను దిగి మల్లొస్తున్న."

"ఆగుండ్రి, ఆగుండ్రి. పెండ పూసుకోని కూసుంట నేను."

"పెండ అన్ని బర్లకు ఒక్కటేనే పిచ్చిదానా! దానికి కావాల్సింది నా చెమట వాసన."

"గదైతే నాకు యాడ దొరుకుతది?" అంది నందిని దీనంగా. వసుధ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది. అవతల నందిని గొంతు మళ్ళీ వచ్చింది. "ఫికర్ చెయ్యకుండ్రి. మీరైతే పోండ్రి."

ఫికర్ చెయ్యకుండా ఉండటం చెప్పినంత తేలికా? నల్లగొండలో వసుధ దిగి, కిందనుంచి చెయ్యి ఊపింది. మిర్యాలగూడలో బస్సు మారి వాడపల్లిలో దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. బ్రిడ్జి ఇవతల మిర్యాలగూడకు తిరిగిపోయే పల్లెవెలుగు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కాస్త ముందుకు, అవతలి రాష్ట్రం బస్సు, పిడుగురాళ్ళ బోర్డుతో. బుచ్చమ్మ రెండింటి మధ్యా నిలబడింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే మాపటి పాల వేళకు కొట్టంలో ఉంటుంది. ముందుకెక్కితే ఉండదు. ఆలోచించి ఆలోచించి, కాళ్ళు వెనక బస్సు వైపే రెండడుగులు వేశాయి.

రోడ్డు పక్కన ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముకునే కొమురమ్మ ఆమె వాలకం చూసి పిలిచింది. "ఏంది అక్కా, ఏమన్న పారేసుకున్నవా?"

"బర్రె ఇంట్ల ఉన్నది, సముద్రం ముంగట ఉన్నది. ఎటు పోవాల్నో తెలుస్తలేదు."

"సముద్రమా?" కొమురమ్మ గడ్డంతో కిందికి చూపించింది. "గీ నీళ్ళు గూడ ఆడికే. గది కిష్ణ. అగో, ఆ మలుపు కాడ వచ్చి కలిసేది మూసీ."

"మూసీ? మా చాదర్‌ఘాట్ మూసీయా?"

"ఇంకేడ మూసీ ఉన్నది? మీ పట్నపోళ్ళు కడిగినయి, పారవోసినయి అన్ని మోసుకోని గీడిదాక వస్తది. కిష్ణల దునికి పోతది."

బుచ్చమ్మ రెయిలింగు పట్టుకుని వంగి చూసింది. రోజూ కొట్టం కడిగిన నీళ్ళు గల్లీ మోరీలో పడతాయి. మోరీ పెద్ద నాలాలో, నాలా మూసీలో. ఇన్నేళ్ళూ చీపురు పట్టి తోసి పారేసింది తనే. ఎటు పోతున్నాయో ఎప్పుడూ అడగలేదు.

"అంటే," అంది నెమ్మదిగా, "నా బర్ల ఉచ్చ గూడ సముద్రం జూసింది. నేను జూల్లే."

కొమురమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే పొట్లం ఒకటి ఆమె సంచిలో వేసి, డబ్బు ఇస్తే వద్దంది. బుచ్చమ్మ వెనక్కి చూడకుండా పిడుగురాళ్ళ బస్సెక్కింది. కండక్టరు రాగానే ఆధార్ కార్డు చూపింది.

"ఇది తెలంగాణా కార్డమ్మా. ఫ్రీ కావాలంటే ఇక్కడి కార్డు ఉండాలి. టికెట్ తీసుకోండి."

"ఏందయ్యా, ఏరు దాటంగనే నేను ఆడిదాన్ని కాకుంట పోయిన్నా?"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు కూడా నవ్వాడు, టికెట్ మాత్రం కొట్టాడు. బుచ్చమ్మ కొనుక్కుంది. కొన్న టికెట్టు కదా అని ఈసారి కాళ్ళు ఇంకొంచెం ధైర్యంగా చాపుకుంది.

ఆ తర్వాత ఊళ్ళు పరిగెత్తాయి. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల తెల్లదుమ్ము. నర్సరావుపేటలో బస్సు మారుతూ తిన్న జొన్నరొట్టె. చిలకలూరిపేటలో రోడ్డు తప్పి అవతలి ప్లాట్‌ఫారం మీదికి పోతే, ముసలాయనొకడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చీరాల బస్సెక్కించాడు. మాట మారిపోయింది. బర్రెను గేదె అంటున్నారు, దుడ్డెను దూడ అంటున్నారు. మనుషులు మాత్రం తన పక్క సీటు ఖాళీగానే ఉంచుతున్నారు. బుచ్చమ్మకు ఇప్పుడు సిగ్గు కూడా పోయింది. మంచిదే, హాయిగా పోతోంది! చెట్లు తాటిచెట్లయ్యాయి. మట్టి తెల్లబడింది. గాలి తడిగా, జిగటగా ముఖానికి తగులుతోంది. "ఇంకెంత దూరం? ఇంకెంత దూరం?" అని ముందు సీటాయన్ని అడిగి అడిగి విసిగించింది. ఆయన చివరికి, "సముద్రం ఎక్కడికీ పోదు లేవమ్మా" అన్నాడు.

చీరాలలో దిగాక ఒక్క పనికే ఆగింది. బస్టాండు బయట తువ్వాళ్ళ గుట్ట పోసుకుని అమ్ముతున్నారు. సముద్రంలో కాళ్ళు తడుపుకుంటే తుడుచుకోవడానికి ఏముంది? ఎర్రంచు తెల్ల తువ్వాల ఒకటి ఏరుకుంది. తన కోసం, పచ్చ కాని రంగులో, తానే ఎంచుకుని కొనుక్కున్న గుడ్డ అది. చేత్తో నిమిరి సంచిలో పైనే పెట్టుకుంది.

వాడరేవు బస్సు ఆఖరి మలుపు తిరిగింది. ఇళ్ళ సందులో ఆకాశం కిందిదాకా దిగినట్టు కనబడింది. అది ఆకాశం కాదు.

బస్సు ఆగీ ఆగకముందే దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. ముందు చప్పుడు వచ్చింది. వెయ్యి ట్యాంకర్ల పైపులు ఒక్కసారి విప్పితే వచ్చే చప్పుడు. దగ్గరికి పోయేకొద్దీ నురుగు కనబడింది, అప్పుడే పిండిన బకెట్టు మీది నురుగులా తెల్లగా, వచ్చి పాదాల దగ్గర పగిలిపోతూ. వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. నిజంగానే ఒక్కరూ లైనులో నిలబడలేదు. బుచ్చమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్ని నీళ్ళు. ఎవరూ కాపలా లేరు. ఎవరి వంతూ లేదు.

వంగి, దోసిట పట్టి నోట్లో పోసుకుంది.

"థూ! థూ! నీ యవ్వ!" ఉప్పని తెలుసు గానీ ఇంత ఉప్పని తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా ఉమ్మింది. ఉమ్మి, నడుము మీద చేతులు పెట్టుకుని, అలల వైపు చూసి అరిచింది. "ఓ నగేష్ నాయినా! గిందుకేనా లైన్ల ఎవ్వరు లేంది!"

ఒడ్డున ఎండుచేపల తట్ట సర్దుకుంటున్న ఆడమనిషి పగలబడి నవ్వింది. పేరు తులశమ్మట. పక్కన కూర్చోమని ఇసక మీద చోటు చూపింది. బుచ్చమ్మ కూర్చోబోయి ముక్కు ముడుచుకుంది. "నీ తాన శాపల వాసనొస్తుంది అక్కా."

"నాకేం తెలవట్లా" అంది తులశమ్మ. గాలి పీల్చి, తల తిప్పింది. "నీ దగ్గర గేదె వాసనొస్తంది."

"నాక్కూడ తెలుస్తలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టి, ఆపలేకపోయారు. కొమురమ్మ ఇచ్చిన పల్లికాయ ఇసకలో పోసుకుని తిన్నారు. తులశమ్మ తన పడవల సంగతి చెప్పింది, బుచ్చమ్మ చుక్కి సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నీడలు బారెడయ్యాయి. కొట్టంలో ఈపాటికి కుడితి పెట్టి ఉంటారు. ఈపాటికి దుడ్డెను విడిచి ఉంటారు. ఫోను మోగలేదు.

తానే చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. నగేష్‌కు చేసింది, అదీ ఎత్తలేదు. మనసు చెడు వైపే పరిగెత్తింది. చుక్కి కాలు, నందిని డొక్క, గోడ. ఎదురుగా అల మీద అల వస్తూనే ఉంది, ఆమె చూపు మాత్రం వాటిని దాటి ఉప్పుగూడలో ఉంది. ఇంకా నీళ్ళలో మోకాళ్ళ దాకా కూడా దిగలేదు.

"పోత అక్కా. ఆడ ఏమైందో ఏమో."

"ఇంతదూరం వచ్చి, ఇంతేనా?" అంది తులశమ్మ. "పొద్దున్నే సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. అది చూడాలి నువ్వు. మా ఇంట్లో పడుకుందువులే."

"మా బర్రె సూర్యునికంటె ముందు లేస్తది."

రోడ్డు మీద చీరాల బస్సు నిలబడి ఉంది. ఆ పూటకు అదే ఆఖరుది. తలుపు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. బుచ్చమ్మ కిటికీ దగ్గరికి పోయి, సంచిలోంచి తువ్వాల తీసి, మడత విప్పకుండానే లోపలి సీటు మీదికి విసిరింది. సీటుకు అంతకుమించి రిజర్వేషను లేదు. తువ్వాలను పక్కకు తోసి కూర్చునే మనిషిని ఆమె ఇంతవరకు ఏ బస్సులోనూ చూడలేదు.

అప్పుడు మోగింది ఫోను.

"అత్తమ్మా! సేపింది! బకీటు నిండింది!"

అది నందిని గొంతేనా అని అనుమానం వచ్చింది. బొంగురుపోయి ఉంది. గల్లీ దాటి వినబడేంత గట్టిగా ఉంది.

"ఫోనెందుకు ఎత్తలేదే? నా పానం పోయింది!"

"చేతులు ఖాళీ ఉంటె గద! వినుండ్రి. మీ ఉతికిన చీర కట్టుకోని కూసున్న. వాసన జూసింది. బకీటును గోడకు తన్నింది, సొట్టవడ్డది. రెండోపారి కూసున్న, రెండోపారి తన్నింది. మీ కొడుకొచ్చి ఇడిసిపెట్టు అన్నడు. నాకు మండింది అత్తమ్మా. ఆ చీర ఇప్పి అవతల పారేసి, నైటీ మీదనే కూసున్న. దాని డొక్కకు తలకాయ ఆనిచ్చి, తిట్టుడు మొదలువెట్టిన. మీరు నన్ను తిట్టే తిట్లు, మొదటి కెంచి ఆఖరి దాక. గల్లీ గల్లీ బయటికొచ్చి చూసింది. చుక్కి చెవులు ఎనుకకు వెట్టింది. గమ్మున ఇడిసింది."

బుచ్చమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. లోపల ఎక్కడో చుక్కి కాలు తనకే తగిలినట్టయింది. చీర అక్కర్లేదట. చెమట వాసన అక్కర్లేదట. ఇన్నేళ్ళు తన చెయ్యి తగిలితే తప్ప చేపని బర్రె.

"నా తిట్లు," అంది చివరికి, "అన్ని యాదికున్నయా నీకు?"

"మస్తు యాదికున్నయి" అంది నందిని. "ఒక్కటి మర్వలే."

 బుచ్చమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. ఎంత నవ్విందంటే, బస్సెక్కుతున్న జనం ఆగి చూశారు. నవ్వుతూ నవ్వుతూ రోడ్డు పక్క స్తంభం పట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా! నీ కడుపు సల్లగుండ."

"పొద్దటి పాలు గూడ నేనే పిండుత" అంది నందిని. ఆమె అడగలేదు, చెప్పింది. "మీరు ఉరికొచ్చుడు అవసరం లేదు. ఉండ్రి. నింపాదిగ రాండ్రి."

నందిని ఫోను పెట్టేసింది. మెడ వెనక, భుజాల్లో, ఎప్పుడూ బిగిసి ఉండే నరమేదో వదులయింది. పొదుగు ఖాళీ అయ్యాక బర్రె నిలబడే తీరు ఆమెకు తెలుసు. నాలుగు కాళ్ళూ కొంచెం దూరం పెట్టి, కళ్ళు సగం మూసి, దేనికీ తొందర లేకుండా. బుచ్చమ్మ అలాగే నిలబడింది.

కండక్టరు తలుపులోంచి తల బయటపెట్టాడు. "ఏమ్మా, ఎక్కుతావా? ఇక బస్సు లేదు మళ్ళీ."

"పో నాయినా, నువ్వు పో. నేను నింపాదిగ వస్త."

ఈల మోగింది. బుచ్చమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. ఇసక మీద తులశమ్మ చెయ్యెత్తి కేక వేస్తోంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చెప్పులు అక్కడే విడిచి, బుచ్చమ్మ ఈసారి ఆగకుండా పరిగెత్తింది. పాదాలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి, పెద్ద అల ఒకటి వచ్చి నడుము దాకా తడిపి పోయింది. "ఓయమ్మో!" అన్న ఆమె కేక రోడ్డు దాకా వినిపించింది.

బస్సు కదిలింది. లోపల లైటు వేశారు. నిలబడ్డవాళ్ళలో ఒకాయన కిటికీ పక్క ఖాళీ సీటు చూసి కూర్చోబోయాడు. దాని మీద తువ్వాల ఉంది. ఎవరో దిగినట్టున్నారు, వస్తారులే అనుకుని మళ్ళీ పైకమ్మీ పట్టుకున్నాడు. అంత జనంలోనూ ఆ సీటును ఎవరూ ముట్టుకోలేదు. మడత విప్పని, నీటిచుక్క తగలని ఎర్రంచు తువ్వాల, కిటికీ గాలికి ఒక కొస లేపుకుంటూ, ఒక్కతే కూర్చుని చీరాలకు పోయింది.